ముప్పై ఆరు చెట్ల ఎత్తు

ఆదివారం. ధనుర్మాసం కదా, నాలుగున్నరకే లేచి కళ్ళాపి జల్లి ముగ్గేశాను. మంచు ఎంతలా కమ్మేసిందంటే గుమ్మంలో నిలబడితే గేటు కనపళ్ళేదు. హరిదాసుగారి చిడతలు ముందు వినపడ్డాయి, మనిషి తర్వాత కనపడ్డారు.

కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఫోన్లో కొండ చూడ్డం మొదలుపెట్టాను. గుడిస. మారేడుమిల్లి దాటాక పైనెక్కడో ఉన్న గడ్డికొండ. సంక్రాంతి వెళ్ళాక ఒక్కరోజులో వెళ్ళి వచ్చెయ్యాలని నేనూ మా వదినా కంకణం కట్టుకున్నాం. అందరూ జీపులో పైదాకా వెళ్ళి ఫొటోలు దిగి వస్తారు. మేం జీపుని కిందే ఆపించి మిగతా దారి నడుద్దామని. నాకు నలభై ఆరు, వదినకి యాభై దాటాయి. ఈ మాట చెప్పగానే ఆయన, "జీపు వెళ్ళే దారిలో నడవడం దేనికే?" అన్నారు. దానికి సమాధానం ఇప్పటిదాకా దొరకలేదు. అయినా నడుస్తాం.

అసలు మాకు ఎత్తంటే ఏం తెలుసని? కోనసీమలో పుట్టినవాళ్ళకి ఎత్తైన చోటంటే ఏటిగట్టు. మాకొచ్చిన ఎత్తుల లెక్కలన్నీ ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి వరద నీళ్ళవే. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆగస్టు వచ్చిందంటే ఇంట్లో చిన్నపిల్లలకి కూడా ఈ అంకెలు నోటికొచ్చేస్తాయి. అందుకే అత్తయ్యగారు కొండ ఎంతెత్తని అడక్కుండా "ఎన్ని అడుగులుందే ఇప్పుడు?" అని అడిగారు, రేపటికి ఇంకో రెండడుగులు పెరుగుతుందేమో అన్నట్టు.

మా చిన్నాడు తొమ్మిదో తరగతి. ఫోన్లో ఎత్తుగీతలున్న మ్యాపు తెరిచి పాఠం చెప్పాడు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ ఒక్కో గీత వెళ్తుందట. గీతలు ఎడంగా ఉంటే కొద్దిపాటి వాలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటే నిటారు. మారేడుమిల్లి వైపు చూస్తే అచ్చం నేను వాకిట్లో వేసిన మెలికల ముగ్గే. అక్కణ్ణుంచి వేలితో లాక్కుంటూ రంపచోడవరం, గోకవరం, రాజమండ్రి దాటించి గౌతమి మీదుగా మా ఊరికి తెచ్చాడు. ఒక్క గీత లేదు. "మన దగ్గర చుక్కలు పెట్టి వదిలేశారమ్మా, ముగ్గు వెయ్యలేదు" అన్నాడు. వెధవకి నోరెక్కువ, కానీ బాగా అన్నాడు.

మూడేళ్ళ కిందట ఒకసారి బయల్దేరాం కూడా. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ సిగ్గూ కలిసి వస్తాయి. ఇడ్లీలు తిని బయల్దేరుదాం అన్నాం. తినేసరికి ఎనిమిది. దారిలో కోరుకొండ కనపడగానే నరసింహస్వామి దర్శనం చేసుకోకుండా ఎలా వెళ్తాం అని వదిన. ఆ మెట్లు మామూలు మెట్లా! నిటారుగా, ఒక్కోటీ మోకాలి దాకా వస్తుంది. పైకెళ్ళి దణ్ణం పెట్టుకుని దిగేసరికి నా కొత్త బూట్లు మడమని కొరికేశాయి. మారేడుమిల్లి చేరేసరికి రెండు. బొంగు చికెన్ తిని, బాగుందని ఇంకోటి తిని, చీకటి పడితే ఘాటు రోడ్డు కష్టమని వెనక్కొచ్చేశాం. గుడిస వైపు తలెత్తి చూసింది కూడా లేదు. ఊళ్ళో మాత్రం కొండకెళ్ళొచ్చాం అనే చెప్పాం. కోరుకొండ కూడా కొండేగా మరి.

అందుకని ఈసారి కాగితం, పెన్ను. ముందు రోజు తేల్చాలి. పండగ సెలవుల్లోనే కానిచ్చేద్దాం, కనుమనాడు వెళ్దాం అని వదిన అంటే అత్తయ్యగారు వంటింట్లోంచే "కనుమనాడు కాకైనా కదలదు" అన్నారు. పైగా ఆరోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రులు ఒకచోట కూడే రోజున మేం కొండలు పట్టుకుని తిరిగితే ఇంటికి చుట్టాలొచ్చి తాళం చూసి పోవాలా? అదీగాక పండగ నాలుగు రోజులూ మారేడుమిల్లి రోడ్డంతా కార్లే. పండగ తర్వాత వచ్చే బుధవారం ఖాయం చేశాం.

ఇక టైము. ఆ రోజుల్లో ఆరున్నరకి పొద్దు పొడిచి సాయంత్రం అయిదూ ముప్పావుకి వాలిపోతుంది. చేతిలో పదకొండు గంటల వెలుతురు. రాజమండ్రి నుంచి మారేడుమిల్లే 85 కిలోమీటర్ల దాకా ఉంది, మేం రావులపాలెం అవతల నుంచి రావాలి. కాబట్టి తెల్లవారుజామున మూడింటికి కారు కదలాలి. నడకకి ఎంత పడుతుందో చెప్పే లెక్క ఒకటుంది. 1892లో స్కాట్లాండులో నెయిస్మిత్ అనే ఆయన పెట్టింది: గంటకి 5 కిలోమీటర్లు, ఆ పైన ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఆయన మోకాళ్ళు వేరు, మావి వేరు. వచ్చిన టైముకి సగం కలిపాను. ఎక్కడి దాకా వెళ్ళామన్నదాంతో పనిలేదు, పన్నెండున్నర కొట్టిందంటే వెనక్కి తిరగడమే. ఇంకో మలుపే, ఇంకో మలుపే అనేవాళ్ళుంటారు. మా ఇద్దరిలో అది వదిన. ఈ ఒక్క షరతు మీద ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను.

కొబ్బరికాయల దింపుకి మనుషులు రావడంతో కాగితం అక్కడాగింది. మా తోటలో నలభై అయిదు రోజులకోసారి దింపు. ఈసారి వచ్చిన బాబాయికి యాభై అయిదేళ్ళుంటాయి. కాళ్ళకి తాడు బంధం, నడుముకి కత్తి. అరిచెయ్యి చూస్తే పనసకాయ తోలే. చెట్టుకీ చెట్టుకీ మధ్య రెండు మూడు గుక్కలు ఊపిరి తీసుకుంటాడు, అంతే. నేను రాశి దగ్గర కాయలు లెక్కపెడుతూ, అలవాటు తప్పి చెట్లు కూడా లెక్కపెట్టాను. మధ్యాహ్నానికి ముప్పై ఆరు. అన్నీ మా మావగారి నాన్నగారు వేసిన నాటు చెట్లు, ఒక్కోటీ యాభై అడుగులకి తక్కువుండదు. చేతిలో పెన్ను ఉంది కదా, కాయల లెక్క పక్కనే గుణించాను. 1800 అడుగులు. అంటే దాదాపు 550 మీటర్లు. నెయిస్మిత్‌గారి గంటకి కాస్త తక్కువ కొండ, మా పెరట్లో, అన్నం వేళ లోపు.

మజ్జిగ ఇస్తూ ఆ మాటే చెప్పాను. బాబాయ్ గ్లాసు దించి నవ్వాడు. "ఎక్కడానికేవుందండి, బలవుంటే ఎక్కేస్తాం. దిగేటప్పుడేనండి కాళ్ళు వణికేది. కిందకి చూడకూడదంటారు గానీ అదంతా అబద్ధవండి, చూసే కాలెయ్యాలి."

"మాతో వస్తారా బాబాయ్, కొండకి?"

"ఆయ్, మరి ఆరోజు కూలెవరిస్తారండి?"

నేనేం మాట్లాడలేకపోయాను. ఆయనకి ఇంకో గ్లాసు పోశాను.

సాయంత్రం సంచీ సర్ది చూసుకున్నాను. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, శాలువా (వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలకి పైనే తగ్గుతుందని చిన్నాడి హెచ్చరిక), నువ్వుండలు, అరటిపళ్ళు, టార్చి, దోమల క్రీము. అత్తయ్యగారు రెండు కొబ్బరి బొండాలు పెట్టబోతే వద్దన్నాను. మోసేది డొక్క, తాగేది గ్లాసుడు. ఆవిడకి కోపం వచ్చింది. సిగ్నల్ ఎక్కడ పోతుందో తెలీదు కాబట్టి ఎక్కేముందోసారి, దిగాకోసారి ఫోన్ చేస్తామనీ, ఆరు దాటినా చెయ్యకపోతేనే కంగారు పడమనీ ఆయనకి చెప్పాను. "నాలుగు నుంచే పడతాను" అన్నారు.

ఆ సంచీ తగిలించుకుని, పాత బూట్లేసుకుని ఏటిగట్టు మీద గంట నడిచాను. మేకలు కాసే పిల్లాడు "బస్సు తప్పిపోయిందాండి?" అని అడిగాడు. తర్వాత గట్టు మీంచి రేవులోకి పదిసార్లు దిగి పదిసార్లు ఎక్కాను. బాబాయ్ చెప్పింది నిజమే. ఎక్కేటప్పుడు ఊపిరి, దిగేటప్పుడు మోకాళ్ళు.

రాత్రి వదిన ఫోన్. పులిహోర నిమ్మకాయదా చింతపండుదా అని. చింతపండుదే చెయ్యి, రెండోరోజుకి కూడా పాడవ్వదు అన్నాను.

"ఒక్కరోజులో వచ్చేస్తాం అన్నావుగా?" అంది.