షిమోకితజావాలో ఒక టాలీవుడ్

టోక్యోలో ఆరు రోజులున్నాను. అసకుసా గుడి, స్కైట్రీ, షిబుయా క్రాసింగ్ అన్నీ చూశాను. వాటి గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం మేడ మీదున్న ఒక చిన్న థియేటర్.

మా పిన్ని కొడుకు నిషికసాయ్‌లో ఉంటాడు, మనవాళ్లు ఎక్కువగా ఉండే చోటు. ఆగస్టు చివరి శనివారం "అన్నయ్యా, టాలీవుడ్ చూపిస్తా పద" అన్నాడు. తెలుగు సినిమా ఏదో ఆడుతోందనుకున్నాను. ఒతెమాచిలో మారి, షిబుయాలో ఇనోకషిరా లైన్ ఎక్కి షిమోకితజావాలో దిగాం. ఉక్కపోత మన విజయవాడకేమీ తీసిపోదు. పాత బట్టల కొట్ల మధ్య సందులో మెట్లు, పైన బోర్డు. నిజంగానే థియేటర్ పేరు టాలీవుడ్! మన పరిశ్రమతో సంబంధం లేదు. 1999లో షార్ట్ ఫిల్ముల కోసమే తెరిచారట. యాభై సీట్లు కూడా లేవు. జపాన్ యానిమేషన్ దర్శకుడు మకోతో షింకాయ్ దాదాపు ఒంటరిగా కూర్చుని తీసిన 25 నిమిషాల సినిమా 2002లో మొదట ఆడింది ఇక్కడే.

ఆ రోజు వేసిన వాటిలో ఒకటి ఇరవై నిమిషాలది. సబ్‌టైటిల్స్ లేవు. తమ్ముణ్ని చెవిలో చెప్పమందామంటే హాల్లో ఎవరూ దగ్గడం కూడా లేదు. మాటలు అర్థం కాకుండానే చూశాను.

ఎనిమిదో తరగతి వయసు పిల్లలిద్దరు. మెషీన్‌లో ఒకే డబ్బా జ్యూస్ కొనుక్కుని చెరో గుక్క తాగుతూ ఇంటికెళ్తుంటారు. కొన్నాళ్లకి క్లాసులో అందరూ వాళ్లలో ఒకమ్మాయితో మాట్లాడటం మానేస్తారు. ఆ రాత్రి స్నేహితురాలి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. తెరుస్తుంది. బొటనవేలు అక్షరాల మీద చాలాసేపు అలాగే ఉంటుంది. ఫోన్ బోర్లా పెట్టేస్తుంది.

అక్కడి బళ్లలో గుమ్మం దగ్గరే బయటి బూట్లు అరలో పెట్టి, లోపల తొడుక్కునే తెల్లబూట్లు వేసుకోవాలి. మర్నాడు ఆ పిల్ల అర ఖాళీగా ఉంటుంది. మేజోళ్లతో నేల మీద నిలబడిపోతుంది. వెనక ముగ్గురు చూస్తుంటారు. స్నేహితురాలు వస్తుంది, వంగుతుంది, ఒక కాలికి బూటు వేసుకుంటుంది. రెండోది చేతిలోనే ఉండిపోతుంది. సినిమా అక్కడితో అయిపోయింది. పేర్లు పూర్తయి లైట్లు వెలిగేదాకా ఎవరూ లేవలేదు. నేనూ లేవలేకపోయాను.

తర్వాత కర్రీ తినడానికెళ్లాం. షిమోకితజావా కర్రీకి పేరు. ప్లేటు 1,400 యెన్లు, అంటే ఎనిమిది వందల రూపాయలు. దోసిలంత అన్నం పెట్టి అంత డబ్బా! అయినా ఆ రోజు నాకు రుచి తెలియలేదు. తమ్ముడు తన ఫోన్‌లో లైన్ అనే, మన వాట్సాప్ లాంటి యాప్ తీసి ఒక మెసేజ్ పక్కన బుల్లి అక్షరాలు చూపించాడు. కిదొకు. అవతలివాళ్లు చదివారు అని అర్థం. సినిమాలో ఆ పిల్ల రాత్రంతా చూసుకుంది ఆ రెండు జపనీస్ అక్షరాలనేనట. ఇక్కడ "గాలిని చదవడం" అనే మాట ఉందన్నాడు. నలుగురూ ఎటు ఉన్నారో చెప్పకుండానే గ్రహించి అటే నడవాలి. 2023 విద్యాసంవత్సరంలో జపాన్‌లో నెల రోజులకు పైగా బడికి దూరమైన ప్రైమరీ, మిడిల్ స్కూలు పిల్లలు 3,46,000 మందికి పైనే. సెలవులు ముగిసే ఈ రోజులంటేనే పెద్దవాళ్లకు భయమట. 2015 ఆగస్టులో కమకురా సిటీ లైబ్రరీ వాళ్లు ట్విట్టర్‌లో పిల్లల్ని పిలిచారు: బడి అంత భరించలేనిదైతే మానేసి మా దగ్గరికి రండి, మాంగా బొమ్మల కథల పుస్తకాలున్నాయి, రోజంతా కూర్చున్నా ఎవరూ ఏమీ అనరని.

మా ఇంటర్ హాస్టల్లో అలాంటి గది ఒక్కటైనా ఉంటే ఎంత బాగుండేది! ఆదివారం పరీక్ష, మార్కుల్ని బట్టి సోమవారం సెక్షన్లు. రెండో నెలలో మావాడు కింది సెక్షన్‌కి వెళ్లాడు. వాడూ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. "వాళ్లతో తిరిగితే నువ్వూ అక్కడికే పోతావు" అన్నారు సారు. మెస్సులో వాడు నాకోసం పక్కన కుర్చీ ఆపి ఉంచాడు. చూశాను. కంచం పట్టుకుని వేరే బల్ల దగ్గరికెళ్లాను. సంక్రాంతికి ఇంటికెళ్లినవాడు తిరిగి రాలేదు. ఎందుకు రాలేదని నేనెవర్నీ అడగలేదు. ఇరవై ఏళ్లయింది.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. వాడేమీ అనలేదు, నా గ్లాసులో నీళ్లు పోశాడు. అక్కడి నుంచే మా అక్కకి మెసేజ్ పెట్టి ఊళ్లో వాడి నంబర్ కనుక్కోమన్నాను. షిబుయాలో ఉండగా నంబర్ వచ్చింది. "ఒరేయ్, నేను. మాట్లాడతావా?" అని రాసి, నా పేరు పెట్టి పంపాను.

తోజై లైన్లో కూర్చున్నాం. రైల్లో ఫోన్ మాట్లాడటం ఇక్కడ తప్పు. పెట్టె నిండా జనం ఉన్నా చక్రాల చప్పుడే వినిపిస్తుంది. కయబచో దాటాక చేతిలో ఫోన్ వణికింది. వాడే.

"ఇల్లు ఇంకా ఐదు స్టేషన్లు అన్నయ్యా, వెళ్లాక చేద్దువు" అన్నాడు తమ్ముడు.

తలుపులు తెరుచుకోగానే దిగిపోయాను. ప్లాట్‌ఫాం మీద ఒక స్తంభం పక్కకి జరిగి ఫోన్ ఎత్తాను.