ఇస్త్రీ పెద్దమ్మకు ఒక గది కావాలి

నల్లగొండలో మా వీధి మొత్తానికీ ఏళ్ల తరబడి బట్టలు ఇస్త్రీ చేసిన పెద్దమ్మ పోయిన నెల ఇల్లు ఖాళీ చేసింది. అద్దె మూడు వేల నుంచి ఒకేసారి ఏడు వేలకు పెంచారు.

2019లో ఇక్కడికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, 2023లో ఐటీ హబ్. రెండూ రావాలని గట్టిగా కోరుకున్నవాణ్ణే, ఇప్పటికీ ఆ మాటకు తిరుగులేదు. అయితే పెంకుటిల్లు పడగొట్టి హాస్టల్ కడితే మంచానికింత అని వసూలవుతుంది. ఇక పాత కిరాయిదారు ఎవరికి కావాలి?

ఊరి చివర అద్దె తక్కువే. కానీ పెద్దమ్మ గిరాకీ అంతా ఇక్కడే. ఏ సారు చొక్కాకు గంజి పెట్టాలో, ఏ పట్టుచీర మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేయాలో ఆమెకు కంఠతా వచ్చు. అరవై దాటిన మనిషి అంత బరువైన బొగ్గుల పెట్టెతో రోజూ ఆటో ఎక్కగలదా? ఎక్కినా, వచ్చేదంతా ఛార్జీలకే సరి.

ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు, మంచిదే. తొలి విడతలో మాత్రం సొంత జాగా ఉన్నవాళ్లకే ప్రాధాన్యం. జాగా ఉంటే ఆమె కిరాయికెందుకు ఉంటుంది? పట్టణం నడుమ ఉన్న ప్రభుత్వ స్థలాల్లో కొన్ని ఇళ్లు కట్టి, అమ్మకుండా, తక్కువ అద్దెకు ఇవ్వవచ్చు కదా!

అది జరిగేలోపు, గడియారం సెంటరు దగ్గర్లో నాలుగు వేల లోపు గది ఉంటే చెప్పండి. ఇస్త్రీ బండి నిలుపుకోవడానికి కాస్త నీడ కూడా కావాలి.