ఎడమ కన్ను, కుడి చెయ్యి, ఎర్ర చుక్క: నా అనుభవం

నాది కుడిచేతి వాటం. కంటి వాటం మాత్రం ఎడమ, అంటే గురి చూసేటప్పుడు మెదడు ఎడమ కంటి చూపునే నమ్ముకుంటుంది. నలభై దాటాక, టెక్సాస్‌లో పిస్టల్ కాల్చడం నేర్చుకోవడానికి వెళ్ళినప్పుడు గానీ ఈ సంగతి బయటపడలేదు. మూడింట రెండొంతుల మందికి కుడి కన్నే పెద్దరికం చేస్తుందట. నేను మిగతా జాబితాలో ఉన్నాను.

అసలు కథలోకి వెళ్ళేముందు ఒక మాట. ఇక్కడ హెచ్1బీ మీదో, ఎఫ్1 మీదో ఉన్నవాళ్ళు ఇది చదివి ఉత్సాహంగా రేంజ్‌కి (తుపాకీ కాల్చడం ప్రాక్టీసు చేసే చోటుకి) బయల్దేరకండి. నాన్ ఇమిగ్రెంట్ వీసాలో ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, అద్దెకు తీసుకుని చేత్తో పట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ, లాయర్ని అడక్కుండా వాటి జోలికి పోకపోవడం మంచిది. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా నేనూ ఆ ఊసెత్తలేదు. వచ్చాక మా తోడల్లుడు పట్టుబట్టి తీసుకెళ్ళాడు. అతనికి ఊరికి దూరంగా కాస్త పొలం ఉంది. అడవిపందులు పడితే తెల్లారేసరికి దున్నినట్టు చేసిపోతాయి. ఆ పందుల మీద కోపమే అతన్ని తుపాకుల దాకా తెచ్చింది.

మొదట ఇచ్చింది మామూలు ఐరన్ సైట్స్ ఉన్న పిస్టల్. సైట్ అంటే తుపాకీ మీద గురి చూసుకునే ఏర్పాటు. వెనక గాడి, ముందు పోస్టు, దూరంగా టార్గెట్. మూడూ ఒక వరసలో పెట్టి, చూపు మాత్రం ముందు పోస్టు మీదే నిలపాలి. చత్వారం వచ్చినవాడికి ఇదెంత చిరాకో వచ్చినవాళ్ళకే తెలుసు. చెయ్యి చాచినంత దూరంలో ఆ పోస్టు మసక. ప్రోగ్రెసివ్ అద్దాల్లోంచి అది తేటపడాలంటే గడ్డం పైకెత్తాలి, ఎత్తితే టార్గెట్ అలుక్కుపోతుంది. దానికి తోడు రెండు కళ్ళూ తెరిస్తే టార్గెట్లు రెండు! దగ్గరి వస్తువు మీద చూపు పెడితే దూరంగా ఉన్నది రెండుగా కనిపించడం అందరికీ ఉన్నదే. ముఖం ముందు వేలు పెట్టుకుని గోడ గడియారం వైపు చూడండి, ఈసారి వేలు రెండవుతుంది. మామూలుగా మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది కాబట్టి మనకు తెలియదు, అంతే.

అందుకే అందరూ ఒక కన్ను మూస్తారు. నాంపల్లి ఎగ్జిబిషన్లో బెలూన్లు కొట్టే ఎయిర్‌గన్ దగ్గర చిన్నప్పుడు నాకు నేర్పింది కూడా అదే, ఎడమ కన్ను మూసి కొట్టమని. మూసిన కన్ను గట్టిదో కాదో ఎవరికి తెలుస్తుంది?

రేంజ్‌లో నేర్పే ఆవిడ ఆర్మీలో పనిచేసి రిటైరైన మనిషి. పది గుళ్ళు పేలకముందే నన్ను ఆపి, తుపాకీ కింద పెట్టించి, రెండు చేతులూ ముందుకు చాచమంది. బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి మధ్యలో చిన్న కంత వదిలి, అందులోంచి అవతలి గోడ మీద ఎగ్జిట్ బోర్డు చూడమంది. రెండు కళ్ళతోనూ చక్కగా కనిపించింది. ఎడమ కన్ను మూశాను, బోర్డు మాయం. కుడి కన్ను మూశాను, అక్కడే ఉంది. ఇంకో రకంగా చేయించినా అదే ఫలితం: కంతలోంచి చూస్తూనే చేతుల్ని మెల్లగా ముఖం దగ్గరకు లాక్కుంటే, అవి వాటంతటవే వచ్చి ఎడమ కంటి మీద ఆగాయి. ఇలా ఒక కన్ను ముందుండడం గురించి ఇటలీకి చెందిన జాంబతిస్తా దెల్లా పోర్టా 1593లోనే రాశాడని తర్వాత చదివాను.

తోడల్లుడు ఊరుకుంటాడా? "అన్నయ్య గారూ, ఇక ఎడమ చేత్తో నేర్చుకోండి. సవ్యసాచి అనిపించుకోవచ్చు" అన్నాడు. ఆవిడ మాత్రం పిస్టల్‌కి చెయ్యి మార్చాల్సిన పనే లేదంది. పిస్టల్ భుజానికి ఆనేది కాదు కదా. చెయ్యి కుడిదే, కాకపోతే తుపాకీని ఒక అంగుళం ఎడమకు జరిపి ఎడమ కంటి ముందు నిలబెట్టు, కావాలంటే తల కొంచెం తిప్పు. ఇంతే మందు. నా అభిప్రాయం కూడా అదే. ఉన్న చేతివాటం వదిలేసి కొత్తది మొదలుపెట్టడం ఎందుకు?

తర్వాతే రెడ్ డాట్ ఇచ్చింది. అది పిస్టల్ మీద బిగించే చిన్న సైట్, దాని అద్దంలో కనిపించే ఎర్ర చుక్కతో గురి చూడాలి. నేను అది లేజర్ అనుకున్నాను, కాదు. బయటికి ఏ కిరణమూ పోదు. లోపల చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. ఎదురుగా ఉన్న వంపు అద్దం దాని ఎర్ర వెలుగుని సమాంతర కిరణాలుగా మన కంటికి తిప్పి పంపుతుంది. అందువల్ల చుక్క అద్దం మీద అంటించినట్టు కాక, దూరంగా టార్గెట్ దగ్గరే తేలుతున్నట్టు ఉంటుంది. చత్వారపు కంటికి ఇంతకంటే ఏం కావాలి? చూపు టార్గెట్ మీదే ఉంచొచ్చు, ముందు పోస్టు గొడవ లేదు. చుక్క సైజు ఎంఓఏల్లో (మినిట్ ఆఫ్ యాంగిల్ అనే కోణపు కొలతలో) చెబుతారు. ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం.

నాకు మాత్రం చుక్క గుండ్రంగా లేదు. చెమటకి కారిన కుంకుమ బొట్టులా కిందికి సాగి ఉంది. షాపులో కుర్రాడు ఇంకా ఖరీదైన మోడల్ తీసుకుంటే సరిపోతుందన్నాడు. కొనేముందు ఒక పని చేయండి: ఫోన్ కెమెరాతో అద్దంలోంచి చుక్కని ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా వస్తే సైట్‌లో లోపం లేదు, మీ కంట్లో ఉంది. నాది అదే. కళ్ళద్దాల చీటీలో సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజం అనే కంటి వంపు తేడాకి ఇచ్చేది) ఎప్పటినుంచో ఉంది. కళ్ళ డాక్టరు కొత్త పవర్‌తో దూరపు చూపుకి మాత్రమే సేఫ్టీ గ్లాసెస్ రాసిచ్చింది. వాటితో, చుక్క బ్రైట్‌నెస్ రెండు మెట్లు తగ్గించాక, దాని తోక చాలావరకు పోయింది. కంటి వాటానికీ పవర్‌కీ సంబంధం లేదని కూడా ఆవిడే చెప్పింది. ఒక కంటికి దూరం, ఇంకో కంటికి దగ్గర పవర్‌తో కాంటాక్ట్ లెన్సులు ఇచ్చేటప్పుడు సాధారణంగా వాటం ఉన్న కంటికే దూరం ఇస్తారట.

ఇక అసలు పరీక్ష, రెండు కళ్ళూ తెరిచి ఉంచడం. కన్ను దానంతటదే మూసుకుపోయేది. లేదంటే చూపు చుక్క మీదకే పరిగెత్తేది. అప్పుడు రేంజ్‌లో నేర్పే ఆవిడ సైట్ ముందు భాగానికి, అంటే టార్గెట్ వైపుకి, ఒక నల్ల టేపు ముక్క అంటించింది. ఇక ఎడమ కంటికి చుక్క తప్ప టార్గెట్ కనబడదు, కుడి కంటికి టార్గెట్ తప్ప చుక్క కనబడదు. ఇదేం శిక్షరా బాబూ అనుకుంటూ పిస్టల్ ఎత్తాను. రెండు కళ్ళూ తెరవగానే చుక్క వెళ్ళి టార్గెట్ మీద కూర్చుంది! టేపు ఉందన్న సంగతే మర్చిపోయాను. రెండు బొమ్మల్నీ మెదడే అతికిస్తుంది. దీని మీదే నడిచే సైట్లు కూడా ఒకప్పుడు ఉండేవి. 1970 నవంబరులో ఉత్తర వియత్నాంలోని సోన్ తే జైలు మీద దాడికి వెళ్ళిన అమెరికన్ సైనికులు అలాంటి సింగిల్‌పాయింట్ సైట్లే వాడారు. స్వీడన్‌లో ఎయిమ్‌పాయింట్ కంపెనీ వాళ్ళ మొదటి ఎలక్ట్రానిక్ సైట్ వచ్చింది ఆ తర్వాత, 1975లో.

టేపుతో కాల్చినప్పుడు నా గుళ్ళన్నీ ఒకచోటే పడ్డాయి గానీ కాస్త పక్కకు జరిగాయి. రెండు కళ్ళకీ ఒకే బొమ్మ అందనప్పుడు కొందరి కళ్ళు కొద్దిగా పక్కకు వాలతాయి, అందువల్ల వచ్చే తేడా అది. కాబట్టి టేపు ప్రాక్టీసుకే. సైట్ సెట్టింగు మాత్రం టేపు తీసే చేయాలి.

ఇంట్లో రోజూ కాసేపు ఖాళీ పిస్టల్‌తో చేసేవాణ్ణి. గుళ్ళు వేరే గదిలో, ఛాంబర్ (గుండు కూర్చునే అర) ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని. గోడ మీద ఒక మచ్చని చూస్తూ, చూపు కదపకుండా తుపాకీని కంటి దగ్గరకు తేవడం. మొదట్లో చుక్క దొరికేది కాదు. కొత్తవాళ్ళు తుపాకీ మూతిని పైకెత్తేస్తారు, చుక్క అద్దం దాటి పైకి పోతుంది. వెతుక్కుంటూ తుపాకీ అటూ ఇటూ తిప్పకుండా మణికట్టు కొంచెం కిందికి వంచితే చాలు, వచ్చేస్తుంది.

రైఫిల్ దగ్గర కథ వేరు. అది కుడి భుజానికి ఆనుతుంది కాబట్టి సైట్ కుడి కంటి ముందే ఉంటుంది. ఎడమ కన్ను అధికారం చేస్తే చుక్క వెలవెలబోతుంది. సేఫ్టీ గ్లాసెస్ ఎడమ అద్దానికి, చూపు పడేచోట, మసకగా ఉండే స్కాచ్ టేపు చిన్న ముక్క అంటించుకున్నాను. వెలుతురు వస్తుంది, వివరం రాదు. పని కుడి కంటికి అప్పజెప్పక తప్పదు. కొన్నాళ్ళకి టేపు తీసేసినా దగ్గరి టార్గెట్లకి ఇబ్బంది రాలేదు. 100 గజాల కాగితం మీద తీరిగ్గా కాల్చేటప్పుడు మాత్రం ఇప్పటికీ ఎడమ కన్ను మూసేస్తాను. తోడల్లుడు నవ్వుతాడు. స్పాటింగ్ స్కోప్ (గుళ్ళు ఎక్కడ పడ్డాయో చూసే దుర్బిణి) అతని చేతికిచ్చి ఊరుకుంటాను.