వీలునామా చివరి పేజీ: ఎగ్జిక్యూటర్ దాచిన ఆస్తిని రాబట్టుకున్న మా అనుభవం

మా నాన్నగారు వీలునామాను గుంటూరులో రిజిస్టరు చేయించి, దాన్ని అమలు చేసే ఎగ్జిక్యూటర్‌గా తన సొంత తమ్ముణ్ణి నియమించారు. నాన్నగారు పోయిన తరువాత బాబాయి ఒక జిరాక్సు ప్రతి మా ముందు చదివి, ఇల్లు అమ్మకూ, ఊళ్లోని పొలం మా ముగ్గురు పిల్లలకూ చెందుతాయని చెప్పి, ఆ మేరకు పాసుపుస్తకాలు కూడా మార్పించి ఇచ్చారు. దాంతో తన బాధ్యత తీరిందన్నారు.

అనుమానం మొదట అమ్మకు కలిగింది. మంగళగిరి దగ్గర ఒక లేఅవుట్‌లో స్థలం కోసం నాన్నగారు ఏళ్ల తరబడి జీతంలోంచి వాయిదాలు కట్టడం ఆమెకు గుర్తుంది. రాజధాని ఆ దగ్గరలోనే వస్తుందని తెలిసినప్పుడు ఆ స్థలం గురించి ఆయన సంతోషంగా మాట్లాడటమూ గుర్తుంది. అడిగితే బాబాయి, "అన్నయ్య దాన్ని ఎప్పుడో అమ్మేశాడు వదినా, మీకు చెప్పి ఉండడు" అన్నారు. నలభై ఏళ్ల కాపురంలో భర్త తనకు చెప్పకుండా స్థలం అమ్ముకున్నాడన్న ఆ మాటే అమ్మను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టింది.

కాగితాలు చేతికి వచ్చేదాకా బాబాయితో ఒక్క మాట కూడా అనవద్దని మా న్యాయవాది గట్టిగా చెప్పారు. రిజిస్టరైన వీలునామాకు, రాసినవారు బతికి ఉన్నంతకాలం ఇతరులకు నకలు ఇవ్వరు కానీ, వారు మరణించిన తరువాత దరఖాస్తు చేసుకున్నవారికి ఇస్తారు. మరణ ధృవీకరణ పత్రం జతచేసి ఆ నకలు తీసుకున్నప్పుడు, బాబాయి చదివిన జిరాక్సులో లేని చివరి పేజీ ఒకటి బయటపడింది. పైన పేర్కొనని స్థిరచరాస్తులు ఏవి ఉన్నా అవి ముగ్గురు బిడ్డలకూ సమానంగా చెందాలని నాన్నగారు అందులో రాశారు.

తరువాత స్థలం ఆచూకీ తెలుసుకోవాల్సి వచ్చింది. ఈసీ (ఒక ఆస్తి మీద నమోదైన లావాదేవీలను చూపే పత్రం) తీయాలంటే సర్వే నంబరో దస్తావేజు నంబరో ఇవ్వాలి. ఆస్తిని దాచినప్పుడు వారసులకు తెలియకుండా పోయేవి సరిగ్గా ఆ వివరాలే. అయితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ఆస్తులవారీ సూచికతో పాటు పేర్లవారీ సూచిక కూడా ఉంటుందనీ, రుసుము కట్టి దాన్ని చూడవచ్చనీ న్యాయవాది చెప్పారు. నాన్నగారి పేరు మీద వెతికిస్తే కొనుగోలు దస్తావేజు నంబరు దొరికింది. దాని ఆధారంగా తీసిన ఈసీలో, నాన్నగారు పోయిన మరుసటి ఏడాది బాబాయి ఎగ్జిక్యూటర్ హోదాలో ఆ స్థలాన్ని తన కొడుక్కే, మార్కెట్ ధరలో చిన్న వంతుకు, అమ్మినట్టు నమోదై ఉంది. నాన్నగారి పాత పాసుబుక్కులో మూడు నెలలకోసారి జమ అయిన ఒకే మొత్తం వడ్డీ వల్ల ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ సంగతి కూడా తెలిసింది. దానికి నామినీ బాబాయే.

మాకు బలమిచ్చింది 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 310వ సెక్షన్. ఎగ్జిక్యూటర్ మృతుడి ఆస్తిని నేరుగా గానీ పరోక్షంగా గానీ తానే కొనుక్కుంటే, అందులో హక్కున్నవారు కోరినప్పుడు ఆ అమ్మకం రద్దు కాగలదు. కొడుకు పేరు ముందుపెట్టి కొనడం ఈ పరోక్షంగా కొనడం కిందికే వస్తుందని మేము వాదించాం. డిపాజిట్ విషయంలో, నామినీకి ఆ డబ్బు బ్యాంకు నుంచి తీసుకునే అధికారమే తప్ప దాని మీద యాజమాన్యం రాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఉంది.

ప్రొబేట్ (వీలునామా అసలైనదేనని కోర్టు ఇచ్చే ధృవీకరణ) తీసుకున్న ఎగ్జిక్యూటర్ ఆరు నెలల్లో ఆస్తుల జాబితానూ, ఏడాదిలో లెక్కలనూ కోర్టుకు సమర్పించాలి. మా ప్రాంతంలో హిందువుల వీలునామాకు ప్రొబేట్ తీసుకోకుండానే పని జరిగిపోయేది కాబట్టి బాబాయిని ఆ జాబితా అడిగినవారే లేకపోయారు. ఈ వెసులుబాటు నిజాయితీపరులకు ఖర్చు తగ్గిస్తుందన్నది నిజమే గానీ, ఆస్తి దాచదలచుకున్నవారికి అది ఎంత అనువుగా ఉంటుందో మేము అనుభవించి తెలుసుకున్నాం. మేము ముందు లాయరు నోటీసు ఇచ్చి, జవాబు రాకపోవడంతో లెక్కలు చెప్పించాలనీ, అమ్మకాన్ని రద్దు చేయాలనీ దావా వేసి, స్థలాన్ని మరొకరికి అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చుకున్నాం. దస్తావేజు రద్దుకు మూడేళ్ల గడువు ఉన్నా, అది సంగతి మాకు తెలిసిన నాటి నుంచే మొదలవుతుంది కనుక కాలాతీతమైందన్న వారి వాదన నిలవలేదు.

ఇంటి గుట్టు కోర్టుకెక్కించారని బంధువులు అమ్మను నిందించారు. నాన్నగారు నమ్మి అప్పగించిన పనికి లెక్క అడగడంలో తప్పేముందని ఆమె తిరిగి అడిగితే ఎవరూ బదులివ్వలేదు.

సాక్షుల విచారణ దాకా వెళ్లకముందే బాబాయి తరఫువారు రాజీకి వచ్చారు. ఆ రాజీని, వివాదాలను ఒప్పందంతో ముగించే లోక్ అదాలత్‌లో చేసుకున్నాం. అక్కడ ఇచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. డిపాజిట్ సొమ్ము అసలు మాత్రం ఇస్తామన్నారు. తమ్ముడు, చెల్లి ఒప్పుకున్నా నేను చివరిదాకా వడ్డీ కూడా కావాలన్నాను, అందులో కొంత భాగమే వచ్చింది. స్థలం విషయంలో మాత్రం, అమ్మకం రద్దు పత్రాన్ని అదే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించాలన్న షరతును అవార్డులో రాయించాం. ఆ రద్దు ఈసీలో ఎక్కిన తరువాతే మిగిలిన దావాను వదులుకున్నాం.