స్పార్క్ ఎగ్జిక్యూటర్ సైజు నోడ్‌ని బట్టి లెక్కేయండి

కుబర్నెటిస్ (కంటైనర్లను నడిపే వ్యవస్థ) మీద స్పార్క్ (పెద్ద డేటాని చాలా మెషిన్ల మీద ప్రాసెస్ చేసే సాధనం) జాబ్ పదే పదే పడిపోతుంటే, కోడ్ జోలికి పోయే ముందు పాడ్ (కంటైనర్ నడిచే యూనిట్) సైజు లెక్క చూడండి. యార్న్‌లో (హడూప్ క్లస్టర్ మేనేజర్) వాడిన నంబర్లే తెచ్చి పెడితే ఇక్కడ చాలాసార్లు కుదరవు.

ఎగ్జిక్యూటర్ అంటే టాస్కులు నడిపే స్పార్క్ ప్రాసెస్, ఒక్కోటి ఒక పాడ్. దాని మెమరీ 8 జీబీ అని ఇస్తే పాడ్ అడిగేది 8 కాదు. డిఫాల్ట్‌గా జావా, స్కాలా జాబ్‌లకు 10 శాతం, పైస్పార్క్‌కు (పైథాన్‌లో రాసే స్పార్క్) 40 శాతం ఓవర్‌హెడ్, అంటే ఆ మెమరీ పైన అదనపు మెమరీ, కలుస్తుంది. అంటే పైస్పార్క్ పాడ్ 11.2 జీబీ. రిక్వెస్ట్ (పాడ్ కోసం పక్కన పెట్టేది), లిమిట్ (దాటకూడని హద్దు) రెండూ అంతే. 16 జీబీ, 4 కోర్ల నోడ్‌లో (క్లస్టర్‌లోని ఒక మెషిన్) సిస్టమ్ వాటా, డీమన్‌సెట్‌లు (నోడ్‌లన్నిటి మీదా నడిచే సహాయక పాడ్‌లు) పోను 13 జీబీ మిగిలిందనుకోండి. ఎగ్జిక్యూటర్ మెమరీ 10 పెట్టారా, పాడ్ 14 అవుతుంది. ఇక అది పెండింగ్‌లోనే ఉంటుంది, అదే సైజు నోడ్లు ఎన్ని కలిపినా లాభం లేదు. అందుకే ముందు క్యూబ్‌సీటీఎల్‌తో (కుబర్నెటిస్ కమాండ్ టూల్) నోడ్‌ని డిస్క్రైబ్ చేసి, అలొకేటబుల్ (పాడ్‌లకు ఇవ్వగలిగేది) ఎంతో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి.

కోర్లదీ ఇదే తంతు. ఎగ్జిక్యూటర్ కోర్లు 4 అంటే పాడ్ కూడా నిండుగా 4 అడుగుతుంది, 4 కోర్ల నోడ్‌లో అది పట్టదు. కోర్లు 4గానే ఉంచి, కుబర్నెటిస్ ఎగ్జిక్యూటర్ రిక్వెస్ట్ కోర్స్ సెట్టింగ్‌ని 3.5 చేయండి. నాలుగు టాస్కులూ నడుస్తాయి.

ఇక అందరినీ ఏడిపించేది ఎగ్జిట్ కోడ్ 137. లాగ్‌లో జావా హీప్ స్పేస్ ఎర్రర్ కనిపిస్తే హీప్ (జావా ప్రోగ్రామ్ వాడే మెమరీ) చాలలేదని అర్థం. అదేమీ లేకుండా 137 వచ్చిందంటే పాడ్ లిమిట్ దాటిందని కెర్నల్ చంపేసి ఉంటుంది. పైస్పార్క్‌లో పైథాన్ ప్రాసెస్‌లు హీప్ బయట పెరుగుతాయి. అప్పుడు ఎగ్జిక్యూటర్ మెమరీ 8ని 10 చేస్తే పాడ్ 2.8 జీబీ పెరుగుతుంది గానీ, పైథాన్ వైపు దక్కేది 0.8 మాత్రమే. దానికి బదులు మెమరీ 6కి దించి, ఓవర్‌హెడ్‌ని నేరుగా 5 జీబీ ఇవ్వండి. పాడ్ దాదాపు అంతే ఉంటుంది, జాబ్ నిలబడుతుంది. మరో మాట: చచ్చిన ఎగ్జిక్యూటర్ పాడ్‌లను స్పార్క్ డిఫాల్ట్‌గా తుడిచేస్తుంది. కారణం వెతికేటప్పుడు డిలీట్ ఆన్ టెర్మినేషన్‌ని ఫాల్స్ చేసుకోకపోతే చూడటానికి ఏమీ మిగలదు.

షఫుల్ డేటా (ఎగ్జిక్యూటర్ల మధ్య మార్చుకునే మధ్యంతర డేటా) మామూలుగా ఎంప్టీడిర్‌లోకి (పాడ్ తాత్కాలిక ఫోల్డర్), అంటే నోడ్ డిస్క్ మీదికి పోతుంది. పెద్ద జాయిన్ పడితే డిస్క్ నిండి, క్యూబ్‌లెట్ (నోడ్ మీద పాడ్‌లను చూసుకునే ఏజెంట్) పాడ్‌లను గెంటేస్తుంది, పక్కవాళ్ల పాడ్‌లతో సహా. టీఎంపీఎఫ్ఎస్ (డిస్క్ బదులు మెమరీలో ఉండే ఫైల్ సిస్టమ్) ఆన్ చేస్తే అది పాడ్ మెమరీలోనే లెక్కకొస్తుంది, మళ్లీ 137. విడిగా వాల్యూమ్ మౌంట్ చేయడమే మేలు. దాని పేరు స్పార్క్-లోకల్-డిర్- అని మొదలైతేనే స్పార్క్ దాన్ని షఫుల్‌కి వాడుకుంటుంది.

స్పాట్ నోడ్లు (చౌకగా దొరికేవి, క్లౌడ్ ఎప్పుడైనా వెనక్కి తీసుకునేవి) ఎగ్జిక్యూటర్లకు ఫర్వాలేదు, నోడ్ పోయే ముందు డేటా తరలించే డీకమిషన్ సెట్టింగులు ఆన్ చేసుకోండి. డ్రైవర్‌ని (జాబ్ మొత్తాన్ని నడిపించే ప్రాసెస్) మాత్రం అలా వెనక్కి తీసుకోని ఆన్ డిమాండ్ నోడ్ మీదే ఉంచాలి. అది పోతే జాబ్ మొత్తం మొదటికొస్తుంది.