మెంఫిస్‌లో రాత్రి పదిన్నర దాటాక

అమెరికాలోని మెంఫిస్‌కి కొత్తగా వచ్చినవాళ్లను అందరూ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇంటికి తీసుకెళ్తారు. నన్నడిగితే రాత్రి పదిన్నర దాటాక ఎయిర్‌పోర్టు వైపు తీసుకెళ్లాలి. ఆకాశంలో వరసగా లైట్లు, నిమిషం నిమిషంన్నరకో విమానం దిగుతూనే ఉంటుంది. వాటిలో ప్యాసింజర్లు ఉండరు, అన్నీ ఫెడెక్స్ అనే కొరియర్ కంపెనీ పార్శిళ్లే. సాయంత్రం దేశం నలుమూలలా పోగైన సరుకు ఇక్కడ దిగి, కొన్ని గంటల్లో ఊళ్లవారీగా విడిపోయి, తెల్లారేలోపు మళ్లీ ఎగిరిపోతుంది.

1973 ఏప్రిల్ 17న ఫ్రెడ్ స్మిత్ 14 చిన్న విమానాలతో ఫెడెక్స్ సర్వీసు మొదలుపెట్టినప్పుడు మోసింది 186 ప్యాకెట్లు, 25 ఊళ్లకు. మెంఫిస్ దేశానికి దాదాపు నడుమన ఉంది, మంచుకు ఎయిర్‌పోర్టు మూతపడే రోజులూ తక్కువ. అందుకే ఈ ఊరు.

నేను చేసేది పార్శిల్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ పని. ఏ కంపెనీకో ఎందుకులెండి. డల్లాస్ చేరిన పెట్టె స్క్రీన్ మీద వెనక్కి మెంఫిస్ వచ్చినట్టు కనబడుతుంది. పాత స్కాన్ ఆలస్యంగా వచ్చి చేరిందంతే, కానీ కస్టమర్‌కి ఆ సంగతి ఎవరు చెప్తారు? థాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా ‘పీక్’, అంటే పార్శిళ్ల రద్దీ కాలం. అప్పుడు కోడ్ ముట్టుకోనివ్వరు, ఫోన్ మాత్రం పక్కలోనే పెట్టుకుని పడుకోవాలి.

2019లో ఫెడెక్స్ అమెజాన్‌తో కాంట్రాక్టులు తనే వదులుకుంది. తన ఆదాయంలో అమెజాన్ వాటా 1.3 శాతం కూడా లేదంది. ఆ తర్వాత అమెరికాలో ఇళ్లకు చేర్చే పార్శిళ్ల సంఖ్యలో అమెజాన్ ఫెడెక్స్‌నీ, దాని పోటీ కంపెనీ యూపీఎస్‌నీ దాటేసింది. కొనేవాడి ఇంటికి దగ్గర్లోని గోడౌన్‌లోనే సరుకుంటే ఇక విమానం ఎందుకు? అయినా ఫెడెక్స్ వదులుకోవడం తప్పని నేననను. 2025 జనవరిలో యూపీఎస్ కూడా అమెజాన్ సరుకును సగానికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. సంఖ్య పెరిగి లాభం మిగలకపోతే ఏం లాభం?

నాకైతే పోస్టాఫీసు దెబ్బే పెద్దదనిపిస్తుంది. ఫెడెక్స్ చేతిలో ఉన్న అమెరికా పోస్టల్ సర్వీస్ విమాన కాంట్రాక్టు 2024 సెప్టెంబరుతో ముగిసి యూపీఎస్ చేతికి పోయింది. పగటిపూట ఇక్కడ దిగే విమానాల్లో ఎక్కువ భాగం ఆ సరుకు కోసమే వచ్చేవి. ఇప్పుడు పగలు బాగా పలచబడింది.

మెంఫిస్ శివారు కాలియర్‌విల్‌లో ఫెడెక్స్ టెక్ క్యాంపస్ ఉంది. గుడిలో పులిహోర తింటూ మాట కలిపితే ఎవరో ఒకరు ఫెడెక్స్ ప్రాజెక్టులో ఉన్నవాళ్లే తగులుతారు. ఇప్పుడు కంపెనీకి హైదరాబాద్‌లోనూ టెక్ సెంటర్ ఉంది. మనవాళ్లకే ఉద్యోగాలు, సంతోషమే. కానీ హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు అమెజాన్ కంటే ఇక్కడి పని అక్కడికి పోతుందేమోనన్నదే ఎక్కువ టెన్షన్. మొన్న ఒక కుర్రాడు “అన్నా, ఇక్కడ ఇల్లు కొనొచ్చంటావా?” అనడిగాడు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా అద్దిల్లే మేలన్నాను. మా ఆవిడ మాత్రం వాళ్లావిడకి అప్పుడే రెండు ఇళ్లు చూపించిందట.