బాస్ తగ్గిందనే ముందు తూచి చూడండి

రెండు వారాలు గాలం వట్టిగా పైకొస్తే చాలు, ‘ఈ లేక్‌లో బాస్ అయిపోయింది’ అనేస్తారు. బాస్ అంటే అమెరికా లేకుల్లో గాలానికి పట్టే చేప; ఇక్కడ చెప్పేది అందులో లార్జ్‌మౌత్ (పెద్ద నోటి) రకం గురించి. చేప తగ్గడం వేరు, మనకు పడకపోవడం వేరు. ఏది నిజమో తేలాలంటే ఒక నోటుపుస్తకం, కొలబద్ద, చిన్న డిజిటల్ కాటా చాలు.

వెళ్లిన ప్రతిసారీ ఎన్ని గంటలు గాలం వేశారో రాయండి, ఏమీ పడని రోజైతే మరీ తప్పకుండా. ఆ రోజులు ఎవరూ రాయరు, లెక్క చెడేది అక్కడే. చేప నోరు మూసి, తోక కొసలు దగ్గరికి నొక్కి పొడవు చూడాలి. లార్జ్‌మౌత్ బాస్ 12 అంగుళాలుంటే సుమారు 400 గ్రాములు, 15 ఉంటే 830, 20 ఉంటే 2,100 తూగాలి. 12 అంగుళాలవి బోలెడు పడుతూ ఒక్కోటీ 330 గ్రాములే ఉంటే, చేప ఎక్కువై తిండి చాలడం లేదన్నమాట. కొన్నే పడినా బలిసి ఉన్నాయంటే, పిల్ల బతకడం లేదని అనుమానించాలి.

మొదటి జబ్బుకి మందు పెనం మీదే ఉంది. టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్యవి వదిలేయాలని నియమం. 1992లో అక్కడ పడ్డ 18.18 పౌండ్ల చేప ఆ రాష్ట్ర రికార్డు. అయితే 16 లోపువి కొన్ని వండుకోవాలన్నది చాలామందికి పట్టదు. పాపం అని అన్నీ వదిలేస్తే ఆ గుంపులో చేపలు చిన్నవిగానే ఉండిపోతాయి.

పిల్ల బతకని రెండో జబ్బుకి నాచు వైపు చూడాలి. పడవకి అడ్డమని హైడ్రిల్లా అనే నీటి మొక్కకి మందు కొట్టించినా, దాన్ని మేసే గడ్డి చేపని (గ్రాస్ కార్ప్) లెక్కకు మించి వదిలినా పిల్లలకి దాక్కునే చోటుండదు. గడ్డి చేప హైడ్రిల్లాతో ఆగదు, పదేళ్లకు పైగా బతికి మిగతా మొక్కల్నీ మేస్తుంది. గుడ్ల కాలంలో డ్యామ్ నీళ్లు వదిలితే ఒడ్డుపక్క గూళ్లు ఎండిపోతాయి.

వేసవిలో పెద్దవే చచ్చి తేలుతుంటే లార్జ్‌మౌత్ బాస్ వైరస్ కావచ్చు. 1999లో ఫోర్క్‌లో చేపల్ని చంపింది అదే. దానికి మందు లేదు. నీళ్లు 27 డిగ్రీలు దాటాక పట్టిన చేపని గంటలకొద్దీ పడవ ట్యాంకులో ఉంచకండి. ఈదుకుంటూ వెళ్లినా రెండు మూడు రోజుల్లో చచ్చేవి ఉంటాయి.

వసంతంలో నీళ్లు 16–18 డిగ్రీలకి చేరగానే మగచేప గూడు కాస్తుంది, మన కొర్రమీను పిల్లల్ని కాసినట్టే. దాన్ని పట్టి తూకానికి అవతలి ఒడ్డుకి మోసుకెళ్తే, వెనక నిమిషాల్లో బ్లూగిల్ అనే చిన్న చేపలు గుడ్లు ఊడ్చేస్తాయి. పట్టినచోటే, వెంటనే వదలాలి.